పాత కారు కొంటున్నారా? ఇంజిన్ ముందే వేడి చేసి ఉంచితే జాగ్రత్త

పాత పెట్రోల్ కారు చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ అప్పటికే వేడెక్కి ఉంటే ఆ రోజు బేరం మాట్లాడకండి. బండి పూర్తిగా చల్లారాక మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి. నాకు అమ్మిన కారులో లోపాన్ని దాచింది సరిగ్గా ఈ పద్ధతిలోనే.

టెస్ట్ డ్రైవ్‌లో ఏ తేడా తెలియలేదు. ఇంటికి తెచ్చాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే సీటు, స్టీరింగ్ అదిరిపోయేవి. ఆర్పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) 500కి పడిపోయేది, వెంటనే పైకి ఎగిరేది. సిగ్నల్ దగ్గర బ్రేక్ వేసి ఆపగానే బండి ఆఫ్. ఏసీ వేస్తే ఇంకా తొందరగా ఆగిపోయేది. ఇది ఒట్టి చిరాకు వ్యవహారం కాదు. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ బూస్టర్‌లో (పెడల్ తేలిగ్గా దిగేలా సాయపడే భాగం) మిగిలిన వాక్యూమ్ కొద్దిసార్లు నొక్కేసరికి అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని వెళ్తుంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

మొదట చూసిన గ్యారేజీలో ఏదీ కొలవకుండానే ప్లగ్గులు మార్చారు, తర్వాత కాయిల్స్, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు. మార్చిన ప్రతిసారీ బిల్లు వచ్చింది కానీ వణుకు తగ్గలేదు. అంచనా మీద పార్టులు మార్చే చోట బండి వదలకండి.

రెండో మెకానిక్ ముందు స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చూశాడు. గాలికి తగ్గట్టు పెట్రోల్‌ను కంప్యూటర్ ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో ఆ అంకె చెబుతుంది. ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) అది ప్లస్ 20 శాతం దాటింది, 2,500 ఆర్పీఎంకి పెంచగానే దాదాపు మామూలుకొచ్చింది. ఇది వాక్యూమ్ లీక్ లక్షణం, అంటే ఎక్కడో చీలిక నుంచి లెక్కలోకి రాని గాలి ఇంజిన్‌లోకి చొరబడుతోందన్నమాట. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే మూత) మూసి ఉన్నప్పుడు లోపలికి వెళ్లే గాలే తక్కువ కాబట్టి చిన్న చీలిక నుంచి వచ్చే గాలి కూడా పెద్ద వాటా అవుతుంది. రేస్ చేస్తే ఆ వాటా పలచబడిపోతుంది. అదే ఫ్యూయల్ పంపు బలహీనమైతే లెక్క తిరగబడుతుంది, లోడ్ పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. స్మోక్ టెస్ట్ చేస్తే, అంటే గాలి వెళ్లే దారిలోకి పొగ పంపి చూస్తే, ఆ పొగ ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజిన్‌లోకి గాలి తెచ్చే గొట్టాల జాయింటులోని సీలు) దగ్గర బయటికొచ్చింది. అంటే ఆ కొత్త పంపు అసలు అక్కర్లేదు.

నాకు బాగా కోపం తెప్పించింది ఇంకొకటి. థ్రాటిల్ బాడీ మీద కంపెనీ సెట్ చేసి వదిలే స్టాప్ స్క్రూను ఎవరో తిప్పారు, దాని మీది రంగు గుర్తు పగిలి ఉంది. ఐడ్లింగ్ పెంచి వణుకు కప్పిపెట్టారన్నమాట. కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్లు కూడా చెరిపేశారు. అందుకే చెక్ ఇంజిన్ లైట్ కొన్నాకే వెలిగింది.

కాబట్టి కొనేముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. స్టార్ట్ చేసి, వేడెక్కాక ఐడ్లింగ్ ఎంతుందో గమనించండి. చాలా కార్లకు 700 నుంచి 900 మధ్య నిలకడగా ఉండాలి, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఏసీ, హెడ్‌లైట్లు వేసి చూడండి. బ్రేక్ నొక్కి పట్టుకున్నప్పుడు బుస్సుమని శబ్దం వస్తూ ఐడ్లింగ్ మారితే బూస్టర్‌నో దాని గొట్టాన్నో అనుమానించాలి. వేడెక్కాకే ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండైతే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరిగే వేగాన్ని కంప్యూటర్‌కు చెప్పేది) చూపించండి. అందుకే రెండు నిమిషాల డ్రైవ్ సరిపోదు, కనీసం అరగంట తిప్పాలి.

స్కానర్‌లో కోడ్లు లేవని సంతోషపడొద్దు. రెడీనెస్ మానిటర్లు చూడండి, బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో అవి చెబుతాయి. చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే కోడ్లు ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. అమ్మేవాళ్లు బ్యాటరీ మార్చామంటే సరే, కొన్ని రోజులు నడిపించి మళ్లీ చూపించమనండి.

ఒక్క మాట, లీక్ కోసం వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ (కార్బ్యురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొట్టి చూసే పద్ధతి మాత్రం వద్దు, అది అంటుకుంటుంది. స్మోక్ టెస్ట్ చేసే చోటికి తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు దానికీ, స్కానర్‌కూ ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోండి.