పాత ఇల్లు, వెనక పెరడు: ఏళ్ల తరబడి ఉండి రాస్తున్న రివ్యూ

మల్కాజిగిరిలో 1960ల్లో కట్టిన ఇల్లు మాది. ముందు రెండు గదులు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద ఇటుకల్ని నిలబెట్టి పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టిన కప్పు అన్నమాట. వెనక వంటిల్లు, స్నానాల గది తర్వాతెప్పుడో స్లాబు వేసి కలిపారు. ఆ వెనక పెరడు: ఒక మామిడి, ఒక మునగ, కరివేపాకు, అరటి పిలకలు, గోడ మీద దొండపాదు, మిగతాదంతా సీజన్‌ని బట్టి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అంటారు. అందులో అబద్ధమేం లేదు కానీ వాళ్లు వచ్చేది ఎక్కువగా సంక్రాంతికి, అప్పుడు హైదరాబాద్‌లో ఏ ఇల్లయినా హాయిగానే ఉంటుంది.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఈ ఇంట్లో వచ్చిన ప్రతి తలనొప్పీ తిరిగి తిరిగి నీళ్ల దగ్గరే తేలింది. కప్పు, గోడలు, చెదలు, చెట్లు, బోరు, అన్నీ. కొనేటప్పుడు చాలామంది వాస్తు చూస్తారు, రోడ్డు వెడల్పు చూస్తారు, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని మాత్రం చూడరు.

ముందు కప్పు సంగతి. మద్రాస్ టెర్రస్ కారుతుందని అందరూ భయపెడతారు. మా ఇంట్లో అది పెద్దగా కారలేదు. కారేదల్లా పాత కప్పూ కొత్త స్లాబూ కలిసే గీత దగ్గర. ఎండకు రెండూ ఒకేలా సాగవు, చలికి ఒకేలా ముడుచుకోవు, కాబట్టి అక్కడ బీట పడటం ఖాయం, ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్లీ అదే గీతలో విచ్చుకుంటుంది. పైన పూసే వాటర్‌ప్రూఫింగ్ కోటింగులు డబ్బాల మీద రాసినన్ని ఏళ్లు మా దగ్గర ఆగలేదు. చివరికి ఒక ముసలి మేస్త్రీ చూసి "సార్, ఇది అతకదు, కదలనియ్యాలె" అని, ఆ బీటను వెడల్పు చేసి సాగే సీలెంట్ నింపి, పైన రేకు మూత బిగించాడు. అప్పటి నుంచి అక్కడ గిన్నె పెట్టే పని తప్పింది. ఆయన ఇప్పుడు పనులు మానేసి ఊరెళ్లిపోయాడు, సున్నం పని తెలిసిన వాళ్లు దొరకడం ఈ ఇళ్లకున్న అసలు టెన్షన్.

గోడల విషయంలో మాకంటే ముందున్న వాళ్లు చేయించిన పని మేం ఇప్పటికీ అనుభవిస్తున్నాం. సున్నం గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. దాని మీద బయటి వైపు సిమెంటు ప్లాస్టరింగ్, లోపల ప్లాస్టిక్ పెయింట్ వేసేసరికి లోపలి తడికి దారి మూసుకుపోయింది. వానాకాలం సగానికి రాగానే కింద మూడడుగుల మేర పెయింటు ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు రాలతాయి. మేం ఒక గది వరకు మొత్తం గీకించి మళ్లీ సున్నం పూత వేయించాం, ఆ గది ఇప్పుడు బాగుంది. మిగతా గదికి డబ్బులు కుదిరినప్పుడు.

ఎండాకాలం గురించి నిజం చెప్తాను. మధ్యాహ్నం బయట 42 డిగ్రీలున్నా లోపల షాబాద్ బండల మీద పడుకుంటే ప్రాణం లేచొస్తుంది, అంత మందం గోడలు. కానీ పగలంతా పీల్చిన వేడిని ఆ గోడలు రాత్రి తొమ్మిది దాటాక తీరుబడిగా ఇంట్లోకి వదులుతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ పదిహేను రోజులూ మేం రాత్రిళ్లు పెరట్లోనే. డాబా మీద తెల్ల సున్నం కొట్టించడం బాగా పనిచేసింది, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది కూడా ఇందుకే. ఏసీ పెడదామంటే ముందు వైరింగ్ మొత్తం మార్చాలి. పాత చెక్క పట్టీల వైరింగ్, ఎర్త్ లేదు. అది మాత్రం ఆలోచించకుండా మార్పించేయండి.

ఇక పెరడు. ఇక్కడ రెండు రకాల నీళ్లు, నల్లా నీళ్లు, బోరు నీళ్లు. నల్లా నీళ్లంటే మా కాలనీలో పెద్దవాళ్లు ఇప్పటికీ "మంజీర వచ్చిందా" అనే అడుగుతారు, ఒకప్పుడు ఆ నది నీళ్లే వచ్చేవి, 2004లో కృష్ణా, 2015లో గోదావరి నగరానికి వచ్చినా ఆ మాట పోలేదు. రోజు విడిచి రోజు వస్తాయి, సంపు నింపుకోవాలి, నెలకు ఉచితంగా ఇచ్చే 20,000 లీటర్లు ఇంటివరకు సరిపోతాయి, పెరటికి చాలవు. బోరు నీళ్లేమో బాగా ఉప్పన. కుళాయిలకు తెల్ల పొలుసు కట్టినట్టే మట్టికీ కడుతుంది, మల్లె ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పసుపు తిరుగుతాయి, నిమ్మ అయితే మరీ. ఎరువుల షాపులో ఐరన్ పొడి ఇస్తారు, పనిచేస్తుంది, కానీ వాన పడ్డ వారానికి ఆ మొక్కలే వాటంతట అవే కోలుకోవడం చూశాక నేను డాబా నీళ్ల మీద పడ్డాను.

లెక్క చాలా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మన దగ్గర ఏడాదికి ఉరామరికగా 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు, అంటే 70,000 లీటర్ల పైమాట, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు. అంతా ఒడిసిపట్టలేం, ఆవిరయ్యేది, పొంగిపోయేది తీసేయండి, అయినా చాలా ఎక్కువ. మేం రెండు పెద్ద డ్రమ్ములు, అవి నిండాక ఇంకుడు గుంత. ఆ గుంతను పునాదికి దూరంగా తవ్వించడం ముఖ్యం, గోడ వారనే తవ్విన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి, వాళ్ల గోడల పరిస్థితి చూడలేం.

వంటింటి సింకు నీళ్లు అరటికి వదిలాం, గెలలు బాగా వేస్తుంది. బీర, సొర విత్తనాలు మృగశిర దాటి మొదటి గట్టి వాన పడ్డాకే. చిక్కుడు శ్రావణంలో పెడితే సంక్రాంతికి కాయ అందుతుంది. గోంగూర గురించి రాయక్కర్లేదు, అది మనల్ని అడగదు. మునగ మాత్రం చూసి పెట్టుకోండి. కొమ్మ పెళుసు, గాలివానకు విరిగి పక్కింటి స్కూటర్ మీద పడుతుంది. వానల్లో మాను నిండా గొంగళిపురుగులు గుంపుగా పట్టి, ఒళ్లంతా దురద. కాపు అయిపోగానే నడుము ఎత్తుకు నరికించేస్తే రెండూ కాస్త అదుపులో ఉంటాయి. కోతులకు నా దగ్గర ఉపాయం లేదు. మామిడికాయ గోలీ సైజు దాటకముందే కొరికి పారేస్తాయి. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చి కర్రతో మందారాలు వంచి కోసుకెళ్లే అంకుల్స్‌కీ ఉపాయం లేదు.

చెదలు గురించి ఒక జాగ్రత్త. తలుపుల కింద, గోడ వారన రంధ్రాలు వేసి మందు కొట్టిస్తాం కదా, ఆ వారన ఆకుకూరలు పెట్టకండి. మేం అక్కడ నందివర్ధనం, మందారం పెట్టాం. వాటికి కూడా గోడకు తగలకుండా నీళ్లు పోస్తాం, తడి గోడే చెదలకు దారి. పాము కనిపిస్తే కర్ర తీయొద్దు, మా పెరట్లో వచ్చేవి ఎక్కువగా ఎలుకల కోసం వచ్చే జెర్రిపోతులు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేస్తే వచ్చి పట్టుకెళ్తారు.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి, ఏటా వేసవిలో ఏదో ఒక రిపేరు ఉంటుంది, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కంటే ఏమీ తక్కువ కాదు. పైగా ఇక్కడ అసోసియేషన్ ఉండదు, ప్లంబర్‌ని మనమే బతిమాలాలి. ఊళ్లు తిరిగే ఉద్యోగమైతే ఈ జోలికి రావద్దు. మే నెలలో పది రోజులు ఎవరూ నీళ్లు పోయకపోతే పెరడు ఉండదు.

డెవలప్‌మెంట్‌కి ఇవ్వమని బిల్డర్లు వస్తూనే ఉంటారు, మా అత్తయ్యే గేటు దగ్గర మాట్లాడి పంపించేస్తుంది. పక్క ప్లాటు వాళ్లు ఇచ్చేశారు. సెల్లార్ తవ్వుతూ నెలల తరబడి నీళ్లు తోడి మోరీలో పోశారు, ఆ వేసవి మా బోరు గాలి ఊదింది. ఇప్పుడు వానాకాలం వస్తే ఆ సెల్లార్‌లోకి ఊట వస్తోందని వాళ్లు మోటారు పెట్టి తోడుతున్నారు, అదీ మోరీలోకే. ఆ పైపు కొసను మా ఇంకుడు గుంత వైపు తిప్పమని అడిగాను. నీళ్లలో కలిసే కారు ఆయిల్‌ని ముందే ఆపే తొట్టి ఎవరు కట్టించాలన్న దగ్గర మాటలు ఆగి ఉన్నాయి.