లేజర్ తెరచాప పడవ: తిరుపతి వాసికి అక్కరకొచ్చేదేనా?

తిరుపతిలో కాపురముంటూ తెరచాప పడవ కొనే మనిషికి పడవ వేగం కన్నా దాని బరువు, కొయ్యలూ తాళ్లూ బిగించడానికి పట్టే సమయం ముఖ్యమైనవి. ఊరికి ఆనుకుని పడవ దించదగిన నీరు లేదు. కల్యాణి డ్యాం తాగునీటి జలాశయం కనుక అక్కడ ఆ ఆలోచనే కూడదు. తూర్పున పులికాట్ సరస్సు ఉన్నా అది పక్షుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేనిదే అందులోకి పోరాదు. పైగా వేసవిలో ఆంధ్ర వైపు చాలామేర ఎండిపోతుంది. అందువల్ల నేను నీటిపారుదల శాఖ అధికారుల అనుమతి తీసుకుని పిచ్చాటూరు దగ్గరి అరణియార్ జలాశయానికి వెళ్తుంటాను. పొద్దున పడవను కారు వెనక తగిలించుకుని పోయి, చీకటి పడేలోగా ఇంటికి తెచ్చుకోవలసిన ఈ పరిస్థితిలో ఒక్కరు నడిపే లేజర్ అనే చిన్న తెరచాప పడవ ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడి విషయం.

కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ గీసిన ఈ పడవ 1971లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పేరు హక్కుల తగాదా వల్ల కొన్నేళ్లుగా కొత్త పడవలను ఐఎల్‌సీఏ (ఈ తరగతి పడవల అంతర్జాతీయ సంఘం పేరులోని పొడి అక్షరాలు) అంటున్నారు గానీ, వాడేవాళ్ల నోట లేజర్ అన్న మాటే నిలిచింది. మన పొరుగున ఉన్న చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ పడినది కూడా ఇందులోని చిన్న తెరచాప రకంతోనే.

పొడవు 4.2 మీటర్లు, ఒట్టి పడవ బరువు 59 కిలోలు. బిగింపు విషయంలో దీనికి వంక పెట్టడానికి లేదు. మాస్ట్, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభం, రెండు గొట్టాలుగా వస్తుంది. ఒకదాన్ని రెండోదానిలోకి దూర్చి, దిండుకు గలేబు తొడిగినట్టు తెరచాపను దాని మీదికి తొడిగి, మొత్తాన్ని నిలువుగా ఎత్తి పడవ ముందుభాగంలోని గుంటలో దించితే పెద్ద పని అయిపోయినట్టే. మాస్ట్‌ను నిలబెట్టే తీగలు గానీ, వాటిని సరిచూసే తంటా గానీ ఉండవు. ఆపైన తెరచాప అడుగు అంచును చాచి పట్టే అడ్డకర్ర, అంటే బూమ్, తగిలించడం, మూడు నాలుగు తాళ్లు లాగి కట్టడం, వెనక చుక్కాని బిగించడం మిగులుతాయి. తీరిగ్గా చేసినా అరగంటకు మించదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి: గాలి ఉన్నప్పుడు తెరచాప తొడిగిన మాస్ట్‌ను ఒంటరిగా ఎత్తి ఆ గుంటలో పెట్టడం చూసినంత సులువు కాదు, దాన్ని ఎత్తిన క్షణం నుంచి గాలి మనల్ని పక్కకు తోస్తూనే ఉంటుంది. గట్టున పశువులు కాసుకునే వారెవరైనా ఉంటే ఒక చెయ్యి వెయ్యమని అడగడంలో నామోషీ ఏమీ లేదు. ఇంకొకటి, పడవ వెనక అడుగున నీరు కార్చడానికి ఉన్న రంధ్రానికి బిరడా పెట్టామో లేదో చూసుకున్నాకే నీళ్లలోకి తొయ్యాలి.

ట్రైలర్ మాత్రం మన దగ్గర తలనొప్పి. పడవ ట్రైలర్లు ఈ చుట్టుపక్కల అమ్మకానికి దొరకవు కాబట్టి వెల్డింగ్ షాపులో చేయించుకోవాలి, రవాణా శాఖ వద్ద నమోదు చేయించాలి. నాకు చేసిచ్చినవారు లారీ బాడీ లెక్కన ఆలోచించి, పడవ అడుగు భాగం సరిగ్గా రెండు గట్టి చెక్కల మీద ఆనేలా తయారు చేశారు. పుత్తూరు చేరేసరికి ఫైబర్ అడుగున చిన్న సొట్టలు పడ్డాయి. లేజర్ బరువు దాని అంచుల మీద, వెడల్పాటి పట్టీల మీద మోపాలి తప్ప అడుగున ఒకటి రెండు చోట్ల కాదు. నీళ్లలోకి దించడానికి చిన్న చక్రాల తోపుడు బండి వేరుగా ఉంచుకుంటే ట్రైలర్ బేరింగులు తడవవు.

నీటిమీద ఇది చలాకీ పడవ. 7.06 చదరపు మీటర్ల తెరచాప ఇంత తేలికైన పడవకు ఎక్కువే, కాబట్టి కొండల మీదుగా విసురు విసురుగా వచ్చే గాలికి వెంటనే ఒరుగుతుంది. మనం అంచు మీదికి వంగి బరువు వెయ్యాలి, లేదంటే తెరచాపను లాగి పట్టిన చేతిలోని తాడు వదలాలి. బోల్తా పడితే భయపడనక్కరలేదు. లోపలి భాగం మూసి ఉండడం వల్ల మునగదు, పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక, అంటే డాగర్‌బోర్డు, మీద నిలబడి వెనక్కి వాలితే లేస్తుంది. బూమ్ మాత్రం బాగా కిందుగా తిరుగుతుంది, దిశ మార్చినప్పుడల్లా తల వంచి తీరాలి. మా దారి పుత్తూరు మీదుగానే పోతుంది గనుక కట్టు కట్టించుకోవడానికి ఇబ్బంది లేదని మా ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తుంటారు.

నిజమైన లోపం డాగర్‌బోర్డుది. దాన్ని పూర్తిగా దించితే పడవకు దాదాపు 80 సెంటీమీటర్ల లోతు కావాలి. చుక్కాని నేల తగిలితే పైకి లేస్తుంది, ఇది లేవదు, తుమ్మ మోడుకో రాయికో తగిలి ఆగిపోతుంది. ఎండాకాలంలో జలాశయం మట్టం దిగినప్పుడు దీన్ని సగం పైకెత్తి నడపవచ్చు, జారిపోకుండా పట్టి ఉంచడానికి సాగే తాడు కూడా ఉంటుంది. అయితే మరీ పైకెత్తితే బూమ్‌ను కిందికి లాగి పట్టే తాడు దానికి అడ్డంపడి, పడవ తిరగవలసిన చోట తిరగదు.

కుటుంబంతో వెళ్లాలనుకునేవారికి ఇది తగదు. పెద్దవాళ్లు ఇద్దరు ఎక్కితే కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు, ఒళ్లు తడవకుండా తిరిగి రావడమూ కల్ల. జాక్ హోల్ట్ 1956లో రూపొందించిన ఎంటర్‌ప్రైజ్ అనే పడవ ఇద్దరికి సరిపోతుంది గానీ, దానికి రెండు తెరచాపలు, మాస్ట్‌ను పట్టే తీగలు ఉన్నాయి, బరువు కూడా ఎక్కువ. ఒంటరిగా పోయివచ్చేవారికి నేను లేజర్‌నే సూచిస్తాను.

పాతది కొంటే, మాస్ట్ దిగే గుంటలో నీళ్లు నింపి కాసేపు చూడాలి. మట్టం తగ్గుతోందంటే ఇసుక రాపిడికి లోపల ఫైబర్ అరిగి కారుతోందన్నమాట, అలాంటి పడవ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మనిషి బక్కపలచగా ఉంటే, లేదా పిల్లలకు నేర్పాలనుకుంటే పెద్ద తెరచాప జోలికి పోకుండా 5.76 లేదా 4.7 చదరపు మీటర్లది తీసుకోవాలి. పడవా, పై గొట్టమూ అవే. తెరచాపతో పాటు కింది గొట్టం ఒక్కటి మార్చుకుంటే చాలు.