అరకు దారిలో కాఫీ షాపులు: షుగర్ ఉన్నవాళ్లతో వెళ్తే ఎక్కడ ఆగొచ్చు

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. దారి పొడవునా కాఫీకి కొదవ లేదు. బీచ్ రోడ్డులో ఏసీ కాఫీ షాపులు, అనంతగిరి దగ్గర తోటల పక్కనే చిన్న కొట్లు, అరకు ఊళ్లో కాఫీ మ్యూజియం. మా అత్తయ్యకు షుగర్. నన్ను బరువు తగ్గమని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకే కాఫీ రుచితో పాటు, పక్కన మేం తినగలిగేది ఏముందో కూడా చూసుకుంటూ వెళ్లాం.

బీచ్ రోడ్డులో మేం ఆగింది ఒక పెద్ద చెయిన్ షాపు. పది, అంతకు మించి బ్రాంచీలున్నవాళ్లు మెనూలో కేలరీలు వేయాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ధరతో పాటు ఆ అంకె కూడా చూడండి. పాలూ చక్కెరా లేని బ్లాక్ కాఫీలో కేలరీలు దాదాపు ఉండవు. అదే కాఫీకి సిరప్, ఐస్‌క్రీమ్, పైన క్రీమ్ చేరితే ఒక పూట టిఫిన్‌తో సమానం అయిపోతుంది. అదనంగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు, అంటే ఐదారు చెంచాల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. తియ్యటి కోల్డ్ కాఫీ ఒక్కటి చాలు, ఆ కోటా అయిపోవడానికి.

తినడానికి మల్టీగ్రెయిన్ శాండ్‌విచ్ చెప్పాం. విప్పి చూస్తే కూరగాయల కన్నా మయోనైజే ఎక్కువ. "ఈ తెల్లటిదంతా ఏంటమ్మా, తీసేసి ఇమ్మను" అన్నారు అత్తయ్య. అడిగితే విసుక్కోకుండా మయోనైజ్ లేకుండా మళ్లీ చేసిచ్చారు, గుడ్డు కూడా పెట్టారు. అది నాకు బాగా నచ్చింది. అడగడానికి మొహమాటపడొద్దు. పెద్ద కప్పు తీసుకుంటే కలిసొస్తుందని కౌంటర్లో చెబుతారు గానీ చిన్నదే తీసుకోండి. పాలలో సహజంగానే లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది కాబట్టి, చక్కెర వేయని కాపుచీనో అయినా కప్పు పెరిగితే అదీ పెరుగుతుంది.

నా ఓటు మాత్రం అనంతగిరి ఘాట్ రోడ్డు కొట్లకే. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. మేం ఆగిన కొట్టులో పొడి ఘుమఘుమలాడుతోంది. చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక వేరు పొడి) కలపనిది అడిగి, చక్కెర లేకుండా డికాక్షన్ పలచగా పోయించుకున్నాం. చేదుగా ఉంటుందేమో అనుకున్న అత్తయ్య కప్పు ఖాళీ చేసి "ఇంకొంచెం పోయమను" అన్నారు. పక్కనే నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు. గాలికొండ దగ్గర బొంగులో చికెన్ తిన్నాం. నూనె లేకుండా వెదురు బొంగులో కూరి కాల్చేది కాబట్టి కేకు, పఫ్ కన్నా ఎంతో నయం. చెయిన్ షాపుల్లో ఇలాంటి తిండి ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఒక జాగ్రత్త. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో బ్లాక్ కాఫీ ఒక్కటే తాగుతూ గడపకూడదు. ఘాట్‌లో భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఆకలికి వేరుశనగకాయలో, ఉడికించిన గుడ్లో, షుగర్ పడిపోతే వెంటనే నోట్లో వేసుకోవడానికి గ్లూకోజో చక్కెరో దగ్గర ఉంచుకోండి.

కాఫీ మ్యూజియం చూడదగ్గదే. కాకపోతే అక్కడ చాక్లెట్ల ముందు చేయి ఆపుకోవడం కష్టం. ఒక చిన్న ప్యాకెట్ అందరం పంచుకున్నాం, ఇంటికి పొడి కొన్నాం.

బసకు దిగిన కాటేజీ శుభ్రంగానే ఉంది. పొద్దున టిఫిన్‌లో పూరీ, బోండా, ముందే చక్కెర కలిపేసిన కాఫీ ఫ్లాస్కు పెట్టడం మాత్రం బాగాలేదు. రాత్రే చెప్పి ఉంచితే ఇడ్లీ, విడిగా పాలు, డికాక్షన్ ఇచ్చారు. కాఫీ ఇడ్లీతో కాకుండా గంట తర్వాత తాగాం. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని, వాటిలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి.

రైలు ప్రయాణం అందంగా ఉంటుంది, అద్దాల బోగీ పిల్లలకు పండగే. పెద్దవాళ్ల తిండి వేళలు చూసుకోవాలంటే మాత్రం కారే మేలు. మనకు కావలసిన కొట్టు దగ్గర ఆపుకోవచ్చు.