ప్రయాణాల్లో పొడవైన జూమ్ ఎంతవరకు అవసరం?

ఫోన్ కెమెరాలు ఎంత మెరుగుపడినా ప్రయాణాలకు విడిగా ఒక కెమెరాను వెంట తీసుకెళ్లడానికి ఇప్పటికీ మిగిలి ఉన్న గట్టి కారణం దూరం. ఏటి అవతలి గట్టున వాలిన కొంగ, కోట బురుజు పై అంచున చెక్కిన సింహం ముఖం, లోయకు ఆవల చరియ మీద మేస్తున్న మేకల మంద ఫోన్ తెర మీద చుక్కలుగానే మిగిలిపోతాయి. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాతో ఈ కొరత తీరుతుంది గానీ, కోట మెట్లెక్కేటప్పుడూ పడవలోకి దిగేటప్పుడూ దాని బరువు ఏపాటిదో తెలిసొస్తుంది. అందుకే జేబులోనో నడుముకు కట్టుకునే చిన్న సంచిలోనో ఇమిడే జూమ్ కెమెరాలను కొన్ని సొంతంగా, కొన్ని అద్దెకు తీసుకుని వేర్వేరు ప్రయాణాల్లో వాడి చూశాను.

ఈ కెమెరాల్లో స్థూలంగా రెండు జాతులున్నాయి. మొదటి జాతికి జూమ్ చాలా ఎక్కువ, సెన్సర్ (వెలుతురును ఫొటోగా నమోదు చేసే చిప్) చాలా చిన్నది. 2018లో వచ్చిన సోనీ హెచ్‌ఎక్స్99 జూమ్ 24 నుంచి 720 మి.మీ. వరకు, అదే ఏడాది వచ్చిన కానన్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్ జూమ్ 960 మి.మీ. వరకు వెళ్తాయి, ఇవన్నీ 35 మి.మీ. ఫిల్ముతో పోల్చి చెప్పే కొలతలు, అంకె పెరిగేకొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది. రెండో జాతికి జూమ్ తక్కువ, సెన్సర్ పెద్దది. పానసోనిక్ టీజెడ్200 జూమ్ 360 మి.మీ. దగ్గర, 2019 నాటి సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 జూమ్ 200 మి.మీ. దగ్గర ఆగిపోతాయి. చిన్న సెన్సర్ కొలత 6.17 × 4.55 మి.మీ. అయితే, పెద్దది 13.2 × 8.8 మి.మీ., అంటే వైశాల్యంలో సుమారు నాలుగు రెట్లు. బరువులో తేడా అంత లెక్కలోకి రాదు. హెచ్‌ఎక్స్99 సుమారు 240 గ్రాములు, టీజెడ్200 340 గ్రాములు. 3000 మి.మీ. జూమ్ కోసం 1.4 కిలోల నికాన్ పీ1000ను మోసేవారూ ఉన్నారు, వారి ఓపికకు ఒక నమస్కారం.

డబ్బా మీద అచ్చేసిన జూమ్ అంకెను చూసి నిర్ణయించుకునే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవడం మంచిది. జూమ్ పూర్తిగా సాగినప్పుడు హెచ్‌ఎక్స్99 లెన్సు అసలు నాభ్యంతరం (ఫిల్ముతో పోల్చని ఫోకల్ లెంగ్త్) 123 మి.మీ., టీజెడ్200ది 132 మి.మీ.; అక్కడ రెండింటి అపర్చరూ ఎఫ్/6.4, అంటే వెలుతురు ద్వారం నాభ్యంతరంలో 6.4వ వంతు. ఆ లెక్కన వెలుతురు లోపలికి వచ్చే ద్వారం వ్యాసం ఒకదానిలో 19 మి.మీ., మరొకదానిలో 21 మి.మీ., అంటే దాదాపు సమానమే. టీజెడ్200తో 360 మి.మీ. వద్ద తీసిన 20 మెగాపిక్సెళ్ల ఫొటోలో నడిమి భాగాన్ని సగం పొడవు, సగం వెడల్పు మేరకు కత్తిరిస్తే 720 మి.మీ. దృశ్యమే దొరుకుతుంది. అప్పుడు మిగిలేవి 5 మెగాపిక్సెళ్లే అయినా, వాటిని నమోదు చేసిన సెన్సర్ వైశాల్యం చిన్న సెన్సర్‌తో సరిసమానంగా ఉంటుంది. హెచ్‌ఎక్స్99 అదే దృశ్యాన్ని 18 మెగాపిక్సెళ్లతో ఇస్తుంది గానీ, అంత సన్నని పిక్సెళ్ల మీద ఎఫ్/6.4 దగ్గర కాంతి వివర్తనం (చిన్న ద్వారం దాటిన కాంతి కొంత చెదరడం) వల్ల అంచులు మెత్తబడతాయి. రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి కొంగ రెక్క మీది ఈకల గీతలను పరిశీలిస్తే చిన్న సెన్సర్ ఫొటోలో వివరం కొంత ఎక్కువగా కనిపించిన మాట నిజమే, కానీ మూడు రెట్లకు పైబడిన పిక్సెళ్లకు తగ్గ తేడా మాత్రం లేదు.

పొడవైన జూమ్‌తో అసలు చిక్కు చేతి వణుకు. 720 మి.మీ. వద్ద షట్టర్ వేగం సెకనులో 720వ వంతు కన్నా తక్కువ ఉండకూడదన్నది పాత లెక్క. కెమెరాలోని స్టెబిలైజర్ ఆ నిబంధనను బాగానే సడలిస్తుంది, అయితే అది సరిచేసేది మన చేతిని మాత్రమే, ఎగరబోతున్న పక్షిని కాదు. చేతులు చాపి వెనక తెరను చూస్తూ తీసినప్పుడు ఫ్రేము నిలవకుండా తూగుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ తెర మీద మన ముఖమే తప్ప మరేమీ కనిపించదు. వ్యూఫైండర్‌కు (దృశ్యాన్ని చూపే చిన్న కిటికీకి) కన్ను ఆనించి, మోచేతులను పక్కటెముకలకు బిగించి తీసినప్పుడు ఆ తూగు చాలావరకు అణుగుతుంది. అందుకే చివరి రెండు మూడు వందల మిల్లీమీటర్ల జూమ్ కన్నా వ్యూఫైండర్‌కే నేను ఎక్కువ విలువ ఇస్తాను. హెచ్‌ఎక్స్99లోనూ ఆర్‌ఎక్స్100 మార్క్ 7లోనూ అది పైకి లేచే చిన్న పెట్టెలా ఉంటుంది, టీజెడ్200లో మూలన స్థిరంగా ఉంటుంది, ఎస్‌ఎక్స్740లో అసలు లేదు. పానసోనిక్ టీజెడ్95లో వ్యూఫైండర్ ఉండేది. 2025లో వచ్చిన టీజెడ్99లో దాన్ని తీసేశారు. 720 మి.మీ. జూమ్ ఇచ్చి చూసే కన్ను మూసినట్టుంది ఆ నిర్ణయం.

సాయంత్రం కాగానే రెండు జాతుల మధ్య దూరం పెరుగుతుంది. జూమ్ పూర్తిగా సాగిన స్థితిలో ఆర్‌ఎక్స్100 మార్క్ 7 అపర్చర్ ఎఫ్/4.5. హెచ్‌ఎక్స్99 ఎఫ్/6.4తో పోలిస్తే రెండింతల వెలుతురు, సెన్సర్ వైశాల్యం వల్ల నాలుగింతలు, కలిపితే ఎనిమిదింతలు. దీపాలు పెట్టిన వీధిలో, ఫ్లాష్‌నూ ట్రైపాడ్‌నూ అనుమతించని మ్యూజియం గదిలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిన్న సెన్సర్ కెమెరా ఐఎస్‌ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) పెంచుకుంటూ పోయి రాతి శిల్పాన్ని మైనపు బొమ్మలా నున్నగా మార్చేస్తుంది.

అలాగని పొడవైన జూమ్ వృథా అనను. పట్టపగలు పడవ మీద నుంచి పక్షులను చూసే ప్రయాణమైతే 200 మి.మీ. చాలదు. చంద్రుణ్ని తీసి చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. 960 మి.మీ. దగ్గర చంద్రబింబం ఫ్రేము ఎత్తులో మూడో వంతుకు పైగా ఆక్రమిస్తుంది, 720 దగ్గర పావు వంతుకు కాస్త ఎక్కువ, 200 దగ్గర అది ఒక బొట్టు. అంత జూమ్‌లో పక్షి ఫ్రేము నుంచి తప్పుకుంటే మళ్లీ వెతికి పట్టుకోవడం కష్టం. ఎస్‌ఎక్స్740లో ఒక మీట నొక్కితే జూమ్ తాత్కాలికంగా వెనక్కి వచ్చి, వదలగానే మళ్లీ ముందుకు వెళ్తుంది. ఈ సదుపాయం ఉన్నదీ లేనిదీ కొనేముందే చూసుకోవాలి. ఇక ఎండకాలపు మధ్యాహ్నం దూరపు కొండలను తీస్తే వేడిగాలి తరంగాల వల్ల రాళ్ల అంచులు కరిగినట్టు వస్తాయి, దానికి ఏ లెన్సూ మందు కాదు.

బ్యాటరీ విషయంలో ఎవరూ గొప్పవారు కారు. ఎస్‌ఎక్స్740కి ఒక ఛార్జికి 265, ఆర్‌ఎక్స్100 మార్క్ 7కి 260 ఫొటోలు ప్రామాణిక పరీక్షలో వచ్చిన అంకెలు, కాబట్టి ఒక అదనపు బ్యాటరీ తప్పదు. విమానంలో దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి. విడి లిథియం బ్యాటరీలను చెక్‌ఇన్ సామానులో అనుమతించరు. బస గదుల్లో మంచం దగ్గర ఒక్క ప్లగ్ పాయింటే ఉండటం మామూలే కనుక ఫోన్ తీగతోనే ఛార్జ్ అయ్యే టీజెడ్99 వంటి యూఎస్‌బీ-సి కెమెరా ఈ ఒక్క విషయంలో పాతవాటిని మించుతుంది. ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను ఉక్కపోతలోకి ఒక్కసారిగా తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. బయలుదేరే ముందు దాన్ని మూసిన సంచిలోనే కాసేపు బయట ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు.

అద్దెకు తీసుకునేవారు ముందుగా దుమ్ము సంగతి చూసుకోవాలి. జూమ్ గొట్టం ముందుకు సాగిన ప్రతిసారీ గాలిని లోపలికి పీల్చుకుంటుంది, దానితోపాటు దుమ్ము కూడా వెళ్తుంది; లెన్సు ఊడదీయలేని కెమెరా కనుక సర్వీసు కేంద్రంలో విప్పితే తప్ప అది పోదు. ఒక ప్రయాణంలో ఇలా అద్దెకు తీసుకున్న కెమెరాతో తీసిన ఆకాశపు ఫొటోలన్నింటిలో ఒకే చోట బూడిదరంగు మచ్చ పడింది. ఇచ్చినవారు అది నా వాడకం వల్లే వచ్చిందని వాదించారు. అప్పటినుంచి కెమెరా చేతికి రాగానే జూమ్‌ను చివరిదాకా సాగదీసి, అపర్చర్‌ను వీలైనంత చిన్నది చేసి, తెల్లటి గోడనో మబ్బులేని ఆకాశాన్నో ఒక ఫొటో తీసి, అద్దెకిచ్చేవారికి అక్కడే చూపించి, ఆ ఫొటోను కార్డులో అలాగే ఉంచుతున్నాను.