సాయంత్రం నాలుగింటి గ్లాసులో ఏది మేలు: పాలా, పొడి కలిపిన పాలా, రాగి జావా, జూసా?

ప్లేస్కూల్ నుంచి వచ్చి, ఓ కునుకు తీసి లేచిన మూడు, నాలుగేళ్ల పిల్లకి గ్లాసులో ఏదో ఒకటి పోయాలి. ఏది పోసినా చూడాల్సినవి మూడు: కాల్షియం ఎంత, చక్కెర ఎంత, రాత్రి అన్నానికి ఆకలి మిగులుతుందా.

రాగుల పేరెత్తగానే కాల్షియం అంటారు. నిజమే, 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది, 100 మి.లీ. పాలల్లో 120. కానీ గ్లాసు జావకి పట్టే పిండి రెండు చెంచాలు, అంటే ఓ 15 గ్రాములు. దాంట్లో వచ్చేది 50 మిల్లీగ్రాములే. 150 మి.లీ. పాలు తాగితే 180 వస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మూడేళ్ల దాకా రోజుకు 500, నాలుగు నుంచి ఆరేళ్లకు 550 కావాలి. కాబట్టి నీళ్లతో కాచిన జావ ఇడ్లీకో అటుకులకో బదులవుతుంది గానీ పాలకు కాదు.

పాలతో తంటా ఎక్కువైనప్పుడే. పాలల్లో ఐరన్ నామమాత్రం. పైగా వాటిలోని కాల్షియం పప్పు, ఆకుకూరల్లోని ఐరన్‌ని సరిగా ఒంటబట్టనివ్వదు. ముద్ద ముట్టకుండా రోజంతా పాల మీదే బతికే పిల్లలు బొద్దుగానే కనిపిస్తారు, రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువొస్తుంది. పెరుగుతో కలిపి రోజుకు 400 నుంచి 500 మి.లీ. చాలు. అరలీటరు ప్యాకెట్ పిల్ల ఒక్కతే ఖాళీ చేస్తోందంటే అదే హద్దు. నాలుగింటికి తాగితే ఏడున్నరకు ఆకలేస్తుంది, ఆరున్నరకు తాగితే కంచం అలాగే ఉంటుంది. రెండేళ్లు దాటి బరువు బాగున్న పిల్లలకు 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలు సరిపోతాయి, బక్కపిల్లలకు 6 శాతం ఫుల్ క్రీమ్ మేలు.

మా ఓటు పాలు కలిపిన మొలకల రాగి జావకే. రాగులు 10-12 గంటలు నానబెట్టి, వడగట్టి, తడిగుడ్డలో ఒక రోజు మూటగట్టండి. చలికాలంలో మొలకకు ఇంకో పూట పడుతుంది. పుల్లటి వాసనొచ్చినా, బూజు కనిపించినా పారేయాల్సిందే. నీడన ఎండబెట్టి, సన్నసెగ మీద కాస్తే వేపి పట్టించండి. మొలకల పిండిలో గంజిని పలచన చేసే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి మూడు చెంచాలు వేసినా జావ జారుగానే ఉంటుంది, అదే గ్లాసులో తిండి ఎక్కువ పడుతుంది. మాడేదాకా వేపితే ఆ గుణం పోతుంది.

పిండిని ముందు చన్నీళ్లలో కలపాలి. మరిగే నీళ్లలో నేరుగా వేస్తే పైన ఉడికి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది, పిల్ల నోట్లో అలాంటిదొక్కటి పగిలిందంటే వారం దాకా జావ ముట్టదు. సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉడికించి, దించాక 100 మి.లీ. కాచిన పాలు పోయండి. బెల్లం గోరువెచ్చగా అయ్యాకే, వేడి పాలలో వేస్తే విరుగుతాయి.

చాక్లెట్ పొడి డబ్బాకి ‘హెల్త్ డ్రింక్’ పేరెలా వచ్చిందో గానీ, 2006 ఆహార భద్రతా చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు. అలాంటి పానీయాలను ఆ వరసలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. డబ్బా వెనక 100 గ్రాములకు చక్కెర 35 గ్రాములని ఉంటే, రెండు పెద్ద చెంచాల్లో, అంటే 20 గ్రాముల పొడిలో, 7 గ్రాములు. పొడి లేనిదే పాలు ముట్టనంటే రోజుకు పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. రెడీమేడ్ రాగి మాల్ట్‌లోనూ పదార్థాల వరసలో చక్కెర ముందుందేమో చూడాలి.

జూస్ అన్నిటికంటే వెనక. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు 125 మి.లీ. దాటొద్దని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ మాట. బత్తాయి తొనలు ఒలిచిస్తే పీచూ దక్కుతుంది. విరేచనాలప్పుడు జూస్ పోస్తే ఇంకా పెరుగుతాయి. విరేచనాలప్పుడు ఒంట్లో నీరు, లవణాలు తగ్గకుండా ఇచ్చే ఓఆర్ఎస్ అన్న పేరుతో తియ్యటి పానీయాలు అమ్మడం మీద హైదరాబాద్ డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే.

ఇక చాయ్. తాతయ్య సాసర్‌లో పోసిచ్చే రెండు గుక్కలతోనే అలవాటు మొదలవుతుంది. ఐదేళ్లలోపు వద్దు, తిండిలోని ఐరన్‌ని అదీ అడ్డుకుంటుంది. ఉస్మానియా బిస్కెట్ కోసం మారాం చేస్తే పాలలో ముంచివ్వండి. మెత్తబడి గ్లాసు అడుక్కి జారిపోతుంది, చెంచా దగ్గర పెట్టుకోండి.