టీడీఎస్ పెన్ను: కొనొచ్చు, కానీ ఎంతవరకు నమ్మాలి?

బ్యాంకులో టీడీఎస్ అంటే డిపాజిట్ వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను: 10 శాతం, పాన్ ఇవ్వకపోతే 20. అదే మాట మందుల చీటీ మీద ఉంటే రోజుకు మూడుసార్లు వేసుకోమని, లాటిన్ నుంచి వచ్చిన పొట్టి రాత. ఆర్‌వో మిషను దగ్గర మాత్రం నీళ్లలో కరిగిన లవణాల మొత్తం. ఈ సమీక్ష దాన్ని కొలిచే పెన్ను మీటరు గురించి.

ఈ పెన్ను లవణాలను తూచదు. కింద ఉన్న రెండు పుల్లల మధ్య కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, దాన్ని ఓ గుణకంతో (చాలావాటిలో 0.5) హెచ్చించి పీపీఎంగా, అంటే దాదాపు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. కరెంటును మోయనిది దీని లెక్కలోకి రాదు. డిస్టిల్డ్ వాటర్‌లో చెంచాడు పంచదార కలిపినా అంకె దాదాపు కదలదు. బాక్టీరియా, పురుగుమందులూ అంతే. ఫ్లోరైడ్ మరీ మోసం: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం, వందల్లో ఉన్న అంకెలో ఆ కాస్తా ఎక్కడ కనబడుతుంది? నల్గొండ బోరు నీళ్లకు ల్యాబ్ పరీక్షే దిక్కు.

వాడేటప్పుడు గీత వరకే ముంచాలి, మూత దాకా ముంచితే లోపలికి నీళ్లు దిగుతాయి. పుల్లల మధ్య బుడగ ఉంటే అంకె తగ్గుతుంది కాబట్టి గ్లాసు అంచుకు తట్టి, అంకె నిలిచాక హోల్డ్ నొక్కాలి. ఎక్కువమంది పొరబడేది వెయ్యి దాటినప్పుడు. తెర మూల చిన్నగా ‘×10’ వెలుగుతుంది. 134 కనిపిస్తే అది 1340 అన్నమాట, తియ్యటి నీళ్లని మురిసిపోకండి.

సరిచూసుకోవడానికి 342 పీపీఎం ద్రావణం కొనడం మేలు. లేదంటే 10 గ్రాముల ఉప్పు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి సరిగ్గా లీటరు చేసి, అందులో 100 మి.లీ.కి 900 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితే 1000 దగ్గర చూపాలి. ఇంటి త్రాసు ఒక్క గ్రామును నమ్మకంగా తూచలేదు, అందుకే ఈ చుట్టు తిరుగుడు. తేడా ఉంటే వెనకున్న చిన్న స్క్రూ తిప్పాలి.

దీని అసలు ఉపయోగం ఆర్‌వో మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) మీద కాపలా. లోపలికి వెళ్లేది 800, బయటికొచ్చేది 80 అయితే బాగున్నట్టే. అది నెలనెలా పెరుగుతూ 200కు చేరితే మెంబ్రేన్ అయిపోవచ్చింది. అయితే రాత్రంతా ఆగిన మిషను తొలి గ్లాసుతో తీర్పు చెప్పకూడదు. ఆగి ఉన్నప్పుడు లవణాలు మెంబ్రేన్ దాటి ఇవతలికి చేరతాయి, రెండు మూడు నిమిషాలు పారించాకే కొలవాలి. టీడీఎస్ కంట్రోలర్ తెరిచి ఉంటే పచ్చి నీళ్లు కలుస్తాయి, అదీ చూసుకోవాలి.

ఆర్‌వో అమ్మడానికొచ్చిన కుర్రాడు ‘30 వచ్చింది చూడండి’ అంటే పొంగిపోనక్కర్లేదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం 500 దాకా సరేనంటుంది, వేరే దారి లేనిచోట 2000 వరకు ఒప్పుకుంటుంది. ఉష్ణోగ్రత సవరణ (నీళ్ల వేడిని బట్టి అంకెను తానే సరిచేసుకోవడం), వెనక స్క్రూ రెండూ ఉన్న పెన్ను దొరికితే తీసుకోండి. స్క్రూ లేనిది ఎంత చవకైనా వద్దు, దారి తప్పిన అంకెను మళ్లీ దారిలో పెట్టలేరు.