మోకాలి దాకా వచ్చే కంప్రెషన్ సాక్స్: నెలలు నిండేటప్పుడు కాళ్ల వాపుకి నిజంగా పనిచేశాయి

ఎనిమిదో నెల వచ్చేసరికి సాయంత్రమయితే చాలు, పాదాలు పొంగిపోయి మెట్టెలు వేళ్లలోకి దిగబడేవి. అసలే విజయవాడ ఎండలు, పైగా రోజంతా నిలబడి పాఠాలు చెప్పాలి. డాక్టరమ్మ బీపీ, యూరిన్ పరీక్ష చూసి, టెన్షన్ ఏమీ లేదు, కాళ్లని బిగించి పట్టే ఈ కంప్రెషన్ సాక్స్ వేసుకోమన్నారు. 15-20 ఎంఎంహెచ్‌జీ (బీపీ కొలిచే యూనిట్టే) ప్రెషర్, వేళ్లు బయటికి ఉండే రకం తీసుకున్నాను.

ఇందులో అంతా సైజు దగ్గరే ఉంది. చెప్పుల నంబరు చూసి కొనేవి కావు ఇవి. పొద్దున లేవగానే, వాపు ఎక్కకముందే, చీలమండ పైన సన్నగా ఉన్నచోట, పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపుతో కొలిచి, ప్యాకెట్ మీద ఉన్న పట్టికతో సరిచూసుకోవాలి. మెడికల్ షాపతను "పెద్దది తీసుకోండమ్మా, హాయిగా ఉంటుంది" అన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. లూజుగా ఉంటే వేసుకుని లాభమేముంది? పెరిగిన గర్భసంచి పెద్ద సిరల్ని నొక్కడంతో కాళ్లలో రక్తం పైకి ఎక్కడం మందగిస్తుంది, నీరు కిందే చేరుతుంది. ఈ సాక్స్ చీలమండ దగ్గర గట్టిగా, పైకి వెళ్లేకొద్దీ తక్కువగా పట్టి ఉంచుతాయి.

మంచం దిగకముందే వేసుకుంటే సాయంత్రానికి తేడా బాగా తెలుస్తుంది. వాపు పూర్తిగా పోదు, కానీ కాళ్ల బరువు, లాగుడు చాలా తగ్గాయి, చెప్పులు పడుతున్నాయి. కష్టమల్లా వేసుకోవడమే. పొట్టతో వంగలేం కదా, మా ఆయన మడమ దాకా తిరగేసి పట్టుకుని తొడిగేవారు. పై అంచు మాత్రం మడవకూడదు, అక్కడ బిగుసుకుపోతుంది. మధ్యాహ్నం ఉక్కపోతకి దురద కూడా వస్తుంది. రాత్రి విప్పేసి ఎడమ పక్కకి తిరిగి పడుకునేదాన్ని.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, తగ్గని తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, డొక్కల కింద నొప్పి వచ్చినా సాక్స్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, అది బీపీ పెరిగి గుర్రపువాతం (గర్భిణులకి ఫిట్స్ వచ్చే ప్రమాదకరమైన జబ్బు) వైపు వెళ్తున్న లక్షణం కావచ్చు. ఒక్క కాలే వాచి నొప్పెడుతున్నా అంతే, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. నీరు పోయే మాత్రలు సొంతంగా అసలు వేసుకోవద్దు.

కొనేవాళ్లు రెండు జతలు తీసుకోండి, రోజూ చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయాలి కాబట్టి ఒక్క జతతో గడవదు.